కోడలు తత్త్వశాస్త్రం చదువుతానంటే



ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచనలో పెట్టింది. వ్రాసినది గోదావరి డెల్టాలోని ఒక పల్లెటూరి తల్లి. సంగతి ఇది. ఆమె చిన్న కోడలు ఇంటర్మీడియట్ వరకు చదివింది. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరుగా పని చేస్తోంది. కిందటి జూలైలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ.కి చేరింది. అంతవరకు ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. తీసుకున్న సబ్జెక్టు తత్త్వశాస్త్రమని తరువాత తెలిసింది. ఇప్పుడు రెండవ సంవత్సరం ఫీజు కట్టవలసిన రోజులు దగ్గర పడ్డాయి. పెద్ద కొడుకు వద్దంటున్నాడు. చిన్న కొడుకు నోరు విప్పడు. "అమ్మ ఏమంటే అది" అని అందరూ కలిసి బరువు తన మీద పెట్టారని ఆ తల్లి వ్రాశారు.

ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. ఈ చదువు వల్ల విశ్వాసం పోతుందా? చదివితే ఏం వస్తుంది? ఇంటి పని ఎవరు చూస్తారు? ఇవి న్యాయమైన ప్రశ్నలే. కాని సంతకం కింద, మిగిలిన జాగాలో ఇరికించి ఇంకో మాట వ్రాశారు. రాత్రి అన్నాలయ్యాక కోడలు తన దగ్గర కూర్చుని ఏవేవో అడుగుతోందట. మొన్న ఒక రోజు, "అత్తయ్యా, కూటంలో ఒకరు లేచి సాక్ష్యం చెబితే మనం ఎందుకు నమ్ముతాం?" అన్నదట. ఏం చెప్పాలో తోచక లేచి వెళ్లి పడుకున్నారట. మాకు అసలు ఉత్తరం ఆ చివరి మాటే అనిపించింది.

ముందు ఆ సబ్జెక్టు పేరును గూర్చి కొంచెం చెప్పాలి. సగం భయం పేరులోనే ఉంది. మన పల్లెల్లో తత్త్వాలంటే ఏకతార మీటుతూ పాడేవి, వేమన యోగి, వీరబ్రహ్మం గారు, గోచీ పెట్టుకున్న బైరాగి గుర్తుకు వస్తారు. పని మానుకుని కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి చూసి "వేదాంతం మాట్లాడకు" అంటాము. కోడలు ఎక్కడ పిల్లలను వదిలి కాషాయం కడుతుందో అని ఆ పెద్దబ్బాయి బెంగ కాబోలు! డిగ్రీలో చదివే తత్త్వశాస్త్రానికీ దీనికీ సంబంధం తక్కువ. ఒక మాట నిజమని మనకు ఎలా తెలుస్తుంది? న్యాయమైన పని అని దేనిని అనాలి? ఒక వాదనలో ముందు చెప్పిన మాటల నుండి చివరి మాట నిజంగా వస్తోందా, లేక మధ్యలో ఎవరో గెంతారా? ఇటువంటి వాటిని ఓర్పుగా పరీక్షించడం ఆ చదువులోని పని. మన దేశపు దర్శనాలుంటాయి. న్యాయం, సాంఖ్యం, అద్వైతం, బౌద్ధం, జైనం, పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకం. పడమటి వారిలో ప్లేటో, అరిస్టాటిల్ మొదలుకొని అగస్టీన్, అక్వినాసుల మీదుగా డెకార్ట్, హ్యూమ్, కాంట్ వరకు ఉంటారు. నీతిశాస్త్రం, తర్కశాస్త్రం విడిగా పేపర్లు. తర్కంలో ఒక భాగం గుర్తులతో చేసే లెక్కల వంటిది. తత్త్వశాస్త్రం కదా, హాయిగా వ్యాసాలు వ్రాయవచ్చునని చేరినవారు అక్కడే బోర్లా పడతారు.

ఇక విశ్వాసం సంగతి. పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయంలోని హెచ్చరికను ఆ పెద్దబ్బాయి చూపించాడట. మంచిదే. అయితే మన తెలుగు బైబిలులో తత్త్వజ్ఞానం అన్న మాట అక్కడ ఒంటరిగా లేదు, మోసాన్నీ శూన్యతనూ చెప్పే విశేషణాలు ముందున్నాయి. అదే పౌలు ఏథెన్సులో ఎపికూరీయులతోనూ స్తోయికులతోనూ ముఖాముఖి వాదించాడని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతోంది. అక్కడి కవుల మాటలు ఆయన నోట పలికాయి. వారి పుస్తకాలు ముట్టనివాడికి ఆ మాటలు ఎలా తెలుస్తాయి? పెద్దబ్బాయి ఆ అధ్యాయం కూడా ఒకసారి తీసి చూడాలని మా మనవి.

మన తెలుగువారికే దగ్గరైన ఉదాహరణ ఇంకొకటి ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణి వద్ద పుట్టారు. తిరుపతిలో లూథరన్ మిషను బడిలో, వేలూరులో వూర్హీస్ కాలేజీలో, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. తత్త్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారంటే, అదే కాలేజీలో చదువు ముగించిన బంధువు ఒకరు తన పాత పుస్తకాలు ఇచ్చారు. కొనే ఖర్చు తప్పింది. అంత మామూలు కారణం! మిషను అధ్యాపకులు హిందూ మతాన్ని విమర్శించినప్పుడు ఆ విమర్శ ఆయనను బాధించింది, బాధించి తన మతాన్ని లోతుగా చదివేటట్టు చేసింది. క్రైస్తవ గురువుల దగ్గర ఇన్నేళ్లు చదివినా ఆయన క్రైస్తవుడు కాలేదు. అదే గుండెతో ఆలోచిస్తే, శంకరుణ్ణీ హ్యూమ్‌నూ చదివినంత మాత్రాన మన కోడలు సంఘం వదలిపోతుందని ఎలా అనగలం? కఠినమైన ప్రశ్న ఎదురైనప్పుడు మనిషి తనదైన దానిని మరింత గట్టిగా తవ్వి చూసుకోవడం కూడా జరుగుతుంది. ఎవరి విషయంలో ఏమి జరుగుతుందో ముందుగా హామీ ఇవ్వడం మా వల్ల కాదు. ఎవరి వల్లా కాదు.

కోడలు అడిగిన సాక్ష్యం ప్రశ్న దగ్గరకు ఇప్పుడు వద్దాము. ఆ అమ్మాయి అవిశ్వాసి అయిపోయి అడగలేదమ్మా. ఆమె చదువుతున్న పాఠమే అది.

న్యాయదర్శనం ప్రకారం ఒక సంగతి మనకు తెలియడానికి నాలుగు దారులున్నాయి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఈ నాలుగూ మనకు చిన్నప్పటి నుండి తెలిసిన మాటలే. అందువల్లనే చిక్కు. అనుమానం అంటే మనకు సందేహం, పక్కింటివాడి మీద గుర్రు. న్యాయంలో అది కాదు. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమానం. పొద్దున్నే పక్కింటి పెంకుల సందుల్లోంచి పొగ వస్తే వాళ్లు పొయ్యి వెలిగించారని మీరు గోడ ఇవతల నుండే చెప్పగలరు. అది సందేహం కాదు, జ్ఞానం. ఉపమానం అంటే మనకు విత్తువాని ఉపమానం, తప్పిపోయిన కుమారుని ఉపమానం. న్యాయంలో, అడవిలో గవయమనే మృగం ఆవును పోలి ఉంటుందని ముందే విన్నవాడు, దానిని కళ్లారా చూసినప్పుడు "ఓహో, గవయమంటే ఇదే" అని గుర్తుపట్టడం ఉపమానం. శబ్దం అంటే మనకు చప్పుడు. న్యాయంలో అది నమ్మదగినవారు చెప్పిన మాట, ఆప్తవాక్యం.

ఆప్తుడు ఎవరు? న్యాయసూత్రాలకు భాష్యం వ్రాసిన వాత్స్యాయనుడు దీనికి రెండు గుర్తులు చెప్పాడు. సంగతిని నేరుగా ఎరిగినవాడై ఉండాలి. ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలనే కోరిక ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట కూడా అన్నాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనట. కులం, పుట్టుక చూసి మాటకు విలువ కట్టవద్దని పదిహేను వందల ఏళ్ల కిందటి గ్రంథంలో ఉందన్నమాట. మన సంఘాలలో చాలామంది తాతముత్తాతల మాటకు ఊరి రచ్చబండ దగ్గర ఎంత విలువ ఉండేదో ఎరిగినవారికి ఈ వాక్యం ఊరికే పోదు.

ఇప్పుడు చూడండి. కూటంలో లేచి సాక్ష్యం చెప్పేవారి విషయంలో మీరు, మీకు తెలియకుండానే, ఈ రెండు గుర్తులే చూస్తున్నారు. "ఆమెకు జరిగిందా, లేక విన్నదా?" అని ఒకటి. "ఆమె మాట పెంచి చెప్పే మనిషా?" అని రెండవది. ఫలానా ఆమె లేస్తే అందరూ తలవంచుకుని వింటారు, ఇంకొకాయన లేస్తే వెనక వరుసలో గుసగుసలు మొదలవుతాయి. ఎందుకు? కోడలికి కావలసిన జవాబు మీ అరవై ఏళ్ల అనుభవంలో ఉంది. పడుకోవడానికి లేచి వెళ్లకుండా ఉంటే ఆ రాత్రే చెప్పేవారు.

తరువాతి పుస్తకాలలో ఆ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది, దాచడం ఎందుకు? 1748లో వెలువడిన గ్రంథంలో డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండు తత్త్వవేత్త అద్భుతాలను గూర్చిన సాక్ష్యాన్ని నమ్మడానికి తగిన ఆధారం ఉండదని వాదించాడు. ఎన్నడూ తప్పని ప్రకృతి నియమం ఒక వైపు, పొరబడగల మనుషుల మాట మరో వైపు పెట్టి తూచితే ఏది బరువు అని ఆయన ప్రశ్న. చదివినవారికి గుండె ఒకసారి ఆగుతుంది. అయితే ఆయనకు జవాబిచ్చినవారూ ఆ దేశంలోనే ఉన్నారు. అబర్డీనులో సంఘ సేవకుడైన జార్జి క్యాంబెల్ 1762లో అద్భుతాలను గూర్చి ఒక పుస్తకమే వ్రాశాడు. కొన్నేళ్లు పల్లె సంఘానికి కాపరిగా ఉండి తరువాత ఆచార్యుడైన థామస్ రీడ్, 1764లో, ఎదుటివారి మాట నమ్మడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణమని, అది లేకుంటే పసిబిడ్డ మాటలు కూడా నేర్చుకోలేదని వాదించాడు. హ్యూమ్‌ను చదివి ఫీజు కట్టక మానేసినవారికి హ్యూమ్ ఒక్కడే మిగులుతాడు. కాబట్టి, అమ్మా, భయం ఉంటే ఆ భయమే ఆమెను రెండవ సంవత్సరంలోకి పంపడానికి కారణం కావాలి.

ఇంటి దగ్గర చదివే డిగ్రీకి విలువ ఉంటుందా అని ఇంకో చోట అడిగారు. దూరంగా ఉండి పరీక్షకు కట్టే పద్ధతి కొత్తది కాదు. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే, కాలేజీలో కూర్చోకపోయినా పరీక్ష వ్రాయవచ్చునని తలుపులు తెరిచింది. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో ఉత్తరాల ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. సార్వత్రిక విశ్వవిద్యాలయం అనేది మన దేశంలో మొట్టమొదట వెలసింది మన తెలుగునాటే, 1982లో. 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ గారి పేరు పెట్టారు. బడి గడప తొక్కనివారు కూడా అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరే వీలు ఆ తొలి ఏళ్లలో కల్పించారు. దాని మొదటి ఉపకులపతి జి. రామిరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరా గాంధీ విశ్వవిద్యాలయానికీ మొదటి ఉపకులపతి అయ్యారు. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్య డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022 సెప్టెంబరులో మళ్లీ ప్రకటించింది. "గుర్తింపు పొందిన" అన్నది మరువకండి. చేరే ఏడాదికి, చేరే కోర్సుకు యు.జి.సి. దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. బస్టాండు దగ్గర బోర్డు కట్టి ఒక్క ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తామనే వారి జోలికి పోవద్దు.

ఏం వస్తుంది అంటే, ఉన్నది ఉన్నట్టు చెబుతాము. ఏదైనా డిగ్రీ చాలు అనే ఉద్యోగాల పరీక్షలకు ఇది పనికి వస్తుంది. సివిల్ సర్వీసు పరీక్షలో తత్త్వశాస్త్రం ఒక ఐచ్ఛిక విషయం. పై చదువుకు వెళ్లవచ్చు. కాని బి.ఇడి. చేసి బడిలో టీచరు కావాలన్న ఆలోచన కోడలికి ఉంటే, ఇప్పుడే నిబంధనలు కనుక్కోమనండి. తత్త్వశాస్త్రం మన పాఠశాలల్లో బోధించే విషయం కాదు. డిగ్రీ చేతికి వచ్చాక తెలుసుకుని ఏడ్చేకంటే ఇప్పుడు అడగడం మేలు.

పని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు లెక్క వేసి చూద్దాము. ఆ విశ్వవిద్యాలయం లెక్కలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. యు.జి.సి. ఇప్పటి నమూనాలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అంటే 3,600 గంటలు. మూడేళ్లకు పరిస్తే రోజుకు మూడు గంటలకు పైమాటే. పొద్దున నాలుగున్నరకు లేచి, గేదె పాలు, పిల్లల క్యారేజీలు, తొమ్మిదికల్లా అంగన్‌వాడీ తలుపు తీయాలి. సాయంత్రం మళ్లీ గేదె, పొయ్యి. ఈ మనిషికి మూడు గంటలు ఎక్కడివి? అదే ఐదారేళ్లకు పరిస్తే రోజుకు గంటన్నర నుండి రెండు గంటలు. మూడేళ్లకే ముగించాలనే నిర్బంధం లేదు. గడువు అంతకన్నా బాగా ఎక్కువే ఇస్తారు, ఎన్నేళ్లో ఆమె చేరిన ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది. కాబట్టి "మూడేళ్లు కాలేదా ఇంకా?" అని పెళ్లిళ్లలో, పేరంటాలలో ఎవరైనా అడిగితే అత్తగారే జవాబు చెప్పాలి. ఆ గంటన్నర కూడా ఆకాశం నుండి ఊడిపడదు. ఒక పూట గేదె పాలు చిన్నబ్బాయి పిండాలి. మాట్లాడని మనిషి పాలైనా పిండవచ్చు కదా!

మార్కుల పద్ధతి కూడా ఇంట్లో వారికి తెలిసి ఉండడం మంచిది. అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం. పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ ఉంటాయి. అసైన్‌మెంటు అంటే ఇంటి దగ్గర చేత్తో వ్రాసి స్టడీ సెంటరులో ఇచ్చే జవాబులు. ఇక్కడ ఒక రోగం ఉంది. బజారులో వ్రాసిపెట్టిన జవాబులు అమ్ముతారు. చూసి ఎత్తి వ్రాస్తే పని అయిపోతుంది. ఏ సబ్జెక్టులోనైనా ఇది తప్పే, తత్త్వశాస్త్రంలో ఇది మరీ వెర్రి. ఆలోచించడం నేర్చుకోవడానికి డబ్బు కట్టి, ఆలోచించకుండా ఉండడానికి మళ్లీ డబ్బు కట్టడం!

పాఠాలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ వస్తాయి. తెలుగు మాధ్యమంలో చదువుకున్న అమ్మాయికి ఇది నిజమైన కష్టం. న్యాయం, సాంఖ్యం చదివేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలలో మన సంస్కృత పదాలే కనబడి కొంత ఊపిరి పోస్తాయి. కాంట్ దగ్గర ఆ సాయం ఉండదు. పుస్తకాలన్నీ ఇ-జ్ఞానకోశ్ అనే చోట ఉచితంగా ఫోనులో దొరుకుతాయి. ఫోను అనగానే మీరు నొసలు ముడుస్తారని తెలుసు. ఆ అమ్మాయి ఫోను చూస్తున్నప్పుడల్లా సీరియల్ చూస్తోందని అనుకోవద్దు.

ఇంతకన్నా పెద్ద కష్టం ఒకటి ఉంది, దానిని గూర్చి ఎవరూ చెప్పరు. తత్త్వశాస్త్రం పుట్టిందే మాటల మధ్య. సోక్రటీసు ఒక్క పుస్తకమూ వ్రాయలేదు. బజారులో నిలబడి ఎదుటివాణ్ణి అడగడమే ఆయన పని. ప్లేటో వ్రాసిన వాటిలో అధిక భాగం సంభాషణలే. వ్రాసిన మాటతో ఒక చిక్కు ఉందని, దానిని ఎన్నిసార్లు ప్రశ్నించినా అదే జవాబు చెబుతుందని సోక్రటీసు ఫిర్యాదు చేసినట్టు ఫీడ్రస్ అనే గ్రంథంలో ప్లేటో చూపించాడు. మన దర్శన గ్రంథాలు కూడా ముందు ఎదుటివాడి వాదం పెట్టి, పూర్వపక్షమని దానికి పేరు పెట్టి, ఆ తరువాతే తమ సిద్ధాంతం చెబుతాయి. అటువంటి విద్యను ఒక మనిషి ఒంటరిగా, దీపం కింద, నోరు మెదపకుండా నేర్చుకోవలసి రావడం దూరవిద్యలోని అసలు లోటు. చరిత్రో తెలుగో అయితే కంఠస్థం చేసి గట్టెక్కవచ్చు. పుస్తకం చెప్పింది అర్థమైందా లేదా అన్నది ఎవరికైనా చెప్పి చూసుకుంటే గాని ఇక్కడ తెలియదు.

స్టడీ సెంటరులో క్లాసులు లేవా అంటారేమో. ఉంటాయి. శని, ఆదివారాలలో పెడతారు. మా ఎరుకలో ఒక రైసుమిల్లు గుమాస్తా ఇదే సబ్జెక్టు చదివాడు. మొదటి ఏడాది రెండు ఆదివారాలు ఆరాధన మానుకుని, బస్సెక్కి పట్నం వెళ్లాడు. తత్త్వశాస్త్రానికి వచ్చినవాడు తనొక్కడే. పాఠం చెప్పవలసినవారు రాలేదు. మూడవసారి వెళ్లలేదు. ఆ తరువాత అతడు చేసిన పని మాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. మిల్లులో రాత్రి కాపలా ఉండే ముసలాయన అక్షరం ముక్క రానివాడు. చదివిన పాఠం అతనికి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. మనకు కనిపించేదంతా కల కాదని ఎలా చెప్పగలమన్న డెకార్ట్ సందేహం చెబితే, ముసలాయన బీడీ ఆర్పి, "కలలో నాకు ఎప్పుడూ ఆకలి వేయలేదు బాబూ, ఇప్పుడు వేస్తోంది" అన్నాడట. అది సరైన జవాబా కాదా, కలలో ఆకలి వేసేవారు ఉంటే ఏమిటి, ఆకలి గుర్తు చాలునా అని ఇద్దరూ రెండు రాత్రులు వాదించుకున్నారు. ఆ పేపరులో అతనికి మంచి మార్కులు వచ్చాయి. తర్కం పేపరు రెండుసార్లు పోయింది, ముసలాయన గుర్తుల లెక్కలలో సాయం చేయలేడు మరి. ఐదవ ఏట డిగ్రీ పూర్తయింది. అతడు ఇంకా ఆ మిల్లులోనే గుమాస్తా. జీతం పెరగలేదు. పంచాయితీలో ఇద్దరు తగువులాడుకుంటే ఇప్పుడు అతణ్ణి పిలుస్తున్నారు, ఎవరు ఏమన్నారో విడదీసి చెబుతాడని.

ఆ కాపలా ముసలాయన చేసిన పని మీరు చేయగలరా అమ్మా? ఫీజు కట్టించడం సులువైన భాగం. రాత్రి అన్నాలయ్యాక అరగంట కూర్చోవాలి. కోడలు ఆ రోజు చదివింది తెలుగులో చెబుతుంది. అర్థం కాకపోతే "అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అనండి. అత్తగారికి అర్థమయ్యేటట్టు చెప్పలేకపోతే అది తనకూ ఇంకా అర్థం కాలేదన్నమాట. నచ్చకపోతే "ఎందుకలా?" అని గట్టిగా అడగండి. అంగీకరించవలసిన పని లేదు. జవాబు తెలియవలసిన పని అంతకన్నా లేదు. మీరు ఎదురు చెప్పినదే ఆమెకు పూర్వపక్షం. చివరి పరీక్షలో నాలుగు వందల మాటలలో వాదన నడిపించమని అడుగుతారు, అక్కడ ఇది బాగా పనికి వస్తుంది. పెద్దబ్బాయిని కూడా పిలవండి. వద్దనేవాడు ఎదురుగా కూర్చుని వాదిస్తే ఆ అమ్మాయికి ఇంకా లాభం. ఒక షరతు మాత్రం పెట్టండి. ఎవరూ ఎవరినీ "నీకు విశ్వాసం లేదు" అని నోరు మూయించకూడదు. ఆమె కూడా పుస్తకంలోని పెద్ద పేర్లు చెప్పి ఇంట్లో వారిని చిన్నబుచ్చకూడదు. మొదటి ఏడాది చదివినవారికి ఆ జబ్బు కొద్దిగా వస్తుంది, కంగారుపడకండి.

బైబిలు చదువుకోవాలనుకుంటే వేదాంత కోర్సులోనే చేరవచ్చును కదా అని వ్రాశారు. 1818లో స్థాపించిన శ్రీరాంపూరు కళాశాల పరంపరలో ఇంటి దగ్గర ఉండి చదివే క్రైస్తవ అధ్యయన డిగ్రీ ఉన్నమాట నిజమే. అది మంచి చదువు. కాని కోడలు కోరింది అది కాదు. చేపల కూర వండుతానన్న మనిషికి పప్పు మంచిదని చెప్పడం వంటిది ఇది.

చివరిగా ఒక చిన్న విషయం. డిసెంబరు పరీక్షలంటే మీ వైపు సార్వా కోతలు, నూర్పిళ్లు, వెంటనే క్రిస్మస్ పనులు. ఏ పేపర్లు జూన్‌కు కట్టాలో, ఏవి డిసెంబరుకు పెట్టుకోవాలో ఫారం నింపే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. తర్కం జూన్‌కు పెట్టుకుంటే మంచిది, అంగన్‌వాడీకి వేసవిలో ఏ కాస్త వెసులుబాటు దొరికినా దానికే పోతుంది. రెండవ సంవత్సరం ఫీజుకు చివరి తేదీ దాటనివ్వకండి. సాక్ష్యాన్ని ఎందుకు నమ్ముతామన్న ప్రశ్నలో మీరిద్దరూ ఎక్కడి వరకు వచ్చారో, పెద్దబ్బాయి ఏమన్నాడో, వీలు చూసుకుని మాకు వ్రాయండి.